ఒక కంబళి బాకీ

రిటైరయ్యేవాడు ఎవడైనా
చివరికి నా కిటికీ దగ్గరికే రావాలి.
బ్రిగేడియరైనా సరే, వంటవాడైనా సరే,
బూట్లు, బెల్టు, నీళ్ల సీసా, గుడారపు మేకులు
లెక్క అప్పజెప్పి
'బాకీ లేదు' అన్న కాగితం మీద
నా ముద్ర వేయించుకోవాలి.
మసేరు బ్యారక్స్‌లో సామాన్ల గది నాది.
ఇరవై ఆరేళ్లుగా కలరా ఉండల వాసనే
నా ఒంటి వాసన.

లెఫ్టినెంట్ కర్నల్ మోట్లలెపులా పొద్దున్నే వచ్చాడు.
వాననిచ్చుకుని వచ్చినవాడని ఆ పేరుకి అర్థం.
పుట్టిన రోజు కుండపోతగా కురిసిందట.
ఇవాళ మాత్రం చుక్క లేదు.
బాకా ఊదేవాళ్ల పెదాలు పగిలేంత పొడి చలి.

రిజిస్టరు తిరగేశాను. అన్నీ సరిపోయాయి.
పంతొమ్మిదేళ్ల కిందటి పేజీలో మాత్రం
ఎర్ర సిరా అలాగే ఉంది:
బూడిదరంగు కంబళి, ఒకటి. తిరిగి రాలేదు.
కారణం అన్న గడి ఖాళీ.

కారణం నాకు తెలుసు.
దళంలో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.
ఆ ఏడు జూలైలో మొఖొత్లాంగ్ కొండల మీద
మంచు గుర్రాల మోకాళ్లు దాటింది.
గొర్రెలు కాసే పిల్లాడొకడు రాతి పాకలో చిక్కుకుంటే
అప్పుడు కెప్టెన్ అయిన ఈయన
గుర్రం దిగి, దాన్ని వదిలేసి,
పాక్కుంటూ వెళ్లాడు.
పిల్లాణ్ని ఆనుకుని గొర్రెలు పడుకుని ఉన్నాయట.
వాటికి చేతనైన సాయం అవి చేశాయి.
కంబళిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని
రాత్రంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు.

తెల్లారింది.
కంబళి విప్పలేదు.
అలాగే పూడ్చారు.

"ఎంత?" అన్నాడు.
"వదిలెయ్యండి సార్, ఎప్పటిదో."
"ఎంతని రాసి ఉంది?"
నలభై రెండు మలోటి, అప్పటి ధర.
పర్సు తీశాడు. నోట్లు నాలుగు,
మిగతా రెండూ చిల్లర వెతికి.
రసీదు అడిగి తీసుకున్నాడు,
మడిచి చొక్కా జేబులో,
పతకాల వెనక.

పదింటికి సభ.
మైకు కీచుమంది. ప్రసంగంలో 'దేశం' పద్నాలుగు సార్లు వచ్చింది,
నేను లెక్కపెట్టాను, లెక్కలే కదా నా పని.
తరవాత కానుక తెచ్చారు:
కొత్త ఉన్ని కంబళి, చీకటి నీలం మీద
పసుపు మొక్కజొన్న పొత్తులు,
పెళ్లికొడుకులకీ పెద్దమనుషులకీ కప్పేది.
కుర్ర లెఫ్టినెంట్లిద్దరు రెండు కొసలూ పట్టుకుని
గీతలు అడ్డంగా వచ్చేట్టు కప్పబోయారు.
ముందు వరసలోంచి ఆయన మేనత్త కేకేసింది:
"నిలువుగా, నాయనా, నిలువుగా!
అడ్డంగా కప్పితే మనిషి ఎదగడు!"
యాభై ఐదేళ్ల మనిషి
ఇంకా ఎంత ఎదగాలో అని
మైదానమంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

తిప్పి కప్పారు. భుజం దగ్గర పిన్ను పెట్టారు.
బరువు కుదురుకునేదాకా కదలకుండా నిలబడ్డాడు.
చప్పట్లు ఆగలేదు.
ఆ చప్పట్లలోనే, ఎవరూ చూడలేదనుకుంటాను,
కంబళి అంచుని ఎడమచేత్తో కాస్త ఎత్తి పట్టుకున్నాడు,
ఇంకెవరో లోపలికి రావలసి ఉన్నట్టు.
సెల్యూట్ కోసం దించాల్సి వచ్చింది.

మధ్యాహ్నం నా గదికి తిరిగొచ్చి
ఎర్ర సిరా మీద గీత కొట్టాను.
సొమ్ము ముట్టింది, రసీదు నంబరు, తేదీ.
కారణం గడి దగ్గర కలం ఆగింది.
ఆడిట్ వాళ్లు ఖాళీలు ఒప్పుకోరు,
కథలూ ఒప్పుకోరు.
గడి చూస్తే ఒక్క మాట పట్టేంత.

'చలి' అని రాశాను.

ముద్ర వేసి, సిరా ఆరేదాకా
నోటితో ఊదుతూ కూర్చున్నాను.